ఏడో నంబరు సంజాయిషీ

నవంబర్ 3, సోమవారం

కొత్త డీఈ సారు చదువుతాడట.

పొద్దున అటెండర్ అంజమ్మ మోసుకొచ్చింది ఈ మాట. టీ గ్లాసు బల్ల మీద పెడుతూ, ఎవరో పోయినట్టు గొంతు తగ్గించి చెప్పింది. "మేడం, సారు కాయితాలు సదువుతాండు. సంతకం జాగా ఒక్కటే గాదు... మొత్తం. పైకెల్లి కిందిదాంక."

నమ్మలేదు. పదహారేళ్ల సర్వీసులో ఐదుగురు డీఈలను చూశాను. సంతకం ఎక్కడ పెట్టాలో వెతుక్కున్నవాళ్లే గాని, పైన ఏం రాసి ఉందో చూసిన పాపాన ఒక్కరూ పోలేదు. కాలువల ఆఫీసు ఇది, డీఈ అంటే దాని పెద్ద ఇంజినీరు. నీళ్లు పారితే చాలు.

మధ్యాహ్నం నన్నే పిలిచాడు. బల్ల మీద పాత సంజాయిషీల కట్ట. మెమో అందుకున్న ప్రతివాడూ ఇచ్చుకున్న జవాబులు. అంటే అన్నీ నేను టైపు కొట్టినవే.

"స్వరూప గారూ, ఈ ఆఫీసుల అందరికి ఒక్కతే మేనత్తనా?"

నాకు అర్థం కాలేదు.

"పదకొండు మంది డ్యూటీకి రాలే. పదకొండు మంది మేనత్తలకు ఉన్నట్టుండి గుండె నొప్పి. పదకొండు సార్లు ‘చివరి క్షణమున వైద్యులు కాపాడినారు.’ ఎవరామె? ఇప్పుడు మంచిగున్నదా?"

ఆమె మా మేనత్తే. మక్తల్‌లో ఉంటుంది. డెబ్బై దాటింది, ఇంతవరకు దవాఖాన గడప తొక్కలేదు. రాసేటప్పుడు ఎవరో ఒకరు మనసులో ఉండాలి కదా అని ఆమెను పెట్టుకున్నాను. ఆ కంగారులో నోరు జారింది... "మంచిగనే ఉన్నది సార్. జొన్నరొట్టెలు చేస్తాంది."

సారు నవ్వలేదు. నవ్వి ఉంటే ఇంత భయం ఉండేది కాదు.

"రోజూ ఒక పేజీ రాయండి. ఏదన్న సరే, మీ సొంత మాటలల్ల. నాకు చూపెట్టకండి. ఎవ్వరికి చూపెట్టకండి. ఒక్క నెల."

శిక్షా, సలహానా? అడిగే ధైర్యం లేక డైరీ కొనుక్కొచ్చాను.

నవంబర్ 4

పెన్ను పట్టుకుని పావుగంట. వేళ్లు కీబోర్డు కోసం దేవులాడుతున్నాయి.

నవంబర్ 5

రఘు చూశాడు. "ఏం రాస్తున్నవ్? నా మీదనా?" కాదన్నాను. నమ్మలేదు. వెళ్లి టీవీ సౌండు తగ్గించాడు. పెళ్లయిన పన్నెండేళ్లలో చెప్పకుండా మా ఆయన సౌండు తగ్గించడం ఇదే మొదలు. డైరీకి దండం పెట్టాలి.

నవంబర్ 8, రెండో శనివారం

సెలవు. మధ్యాహ్నం రఘు షాపులో కూర్చున్నాను. పేరుకు మొబైల్ రిపేర్ షాపు. అతను రిపేర్ చేసేదాని కన్నా ఆడేది ఎక్కువ. ఏదో కోట గేము, నాలుగు రోజులుగా ఒకే గేటు ముందు చస్తున్నాడు.

"నువ్వు కోడ్ల రాణివి గద. ఒక్క కోడ్ చెప్పరాదు?"

ఎంత పాత మాట! నా డిగ్రీ రోజుల్లో మక్తల్ బస్టాండు వెనక మా అన్న గేముల షాపు. నాలుగు కంప్యూటర్లు, ఒక నీలం పరదా. కాలేజీ నుంచి రాగానే కౌంటర్లో నేనే. ఆడేవాళ్లు చచ్చినప్పుడల్లా పరదా తీసి తల బయటపెట్టేవాళ్లు... "అక్కా, సావకుండ కోడ్ చెప్పవా?" అన్నీ నాకు కంఠతా. చావులేని కోడ్, తుపాకులన్నీ ఒక్కసారే ఇచ్చే కోడ్, గోడలోంచి నడిచే కోడ్. ఒక్కో కోడ్‌కు ఒక మిర్చిబజ్జి. ఆ రెండేళ్లు నేను ఇంట్లో సాయంత్రం ఏమీ తినలేదు. అమ్మ నాకేదో జబ్బనుకుని తాయెత్తు కట్టించింది.

కోడ్ కొట్టినవాడు పది నిమిషాల్లో ఆట గెలిచేవాడు. గెలిచి, కుర్చీలో వెనక్కి వాలి, "ఇప్పుడేం చెయ్యాలె అక్కా?" అని నన్నే అడిగేవాడు. దానికి నా దగ్గర కోడ్ ఉండేది కాదు.

రఘుకు అదే చెప్పాను. అతను ఫోను మీంచి తల ఎత్తకుండానే అన్నాడు, "ఇప్పుడు కోడ్లు నడువయ్‌లే. అంత సర్వర్ల ఉంటది. పైకెల్లి సూస్తనే ఉంటది." మా ఆఫీసుకూ సర్వర్ వచ్చింది, ఆలేరు నుంచి బదిలీ మీద, కళ్లజోడు పెట్టుకుని.

అసలు సంగతి కూడా రాసేస్తాను. ఉద్యోగంలో చేరిన ఏడాదికే సంజాయిషీలకు కోడ్లు తయారు చేశాను. ఒకటి, బస్సు చెడిపోయింది. రెండు, వరుసగా జ్వరం. నాలుగు, మేనత్త. స్టాఫ్ వచ్చి హోటల్లో చెప్పినట్టు చెబుతారు... "మేడం, నాకొక నాలుగు కొట్టు." పేరు మారుస్తాను, తేదీ మారుస్తాను, ప్రింటు తీస్తాను. టీ చల్లారేలోపు పని అయిపోతుంది.

అన్నిటికన్నా గొప్పది ఏడు. ఎంత పెద్ద తప్పుకైనా పనికొస్తుంది. "జరిగిన దానికి నా అజాగ్రత్తయే సంపూర్ణ కారణమని శిరసు వంచి అంగీకరించుచూ, తమ విశాల హృదయముతో మన్నింపగలరని..." రాసిన రోజు నాకే కళ్లు చెమర్చాయి. ఏడు పెట్టుకున్నవాడికి ఇంతవరకు శిక్ష పడలేదు. అంతా నా రాత మహిమ అనుకున్నాను. ఎవరూ చదవలేదన్న ఆలోచనే రాలేదు.

నవంబర్ 9

ఆదివారం. చేపల పులుసు. రాయడానికి ఇంకేం లేదు. చేపలు బాగున్నాయి.

నవంబర్ 11, మంగళవారం

ఇవాళ ఒక పేజీ సరిపోదు.

సారు లస్కర్ యాదయ్య ఫైలు తీశాడు. తొమ్మిదో తూము సంగతి. పోయిన నెల కోతలని కాలువ కట్టేశారు. అన్ని తూములూ మూయాలి. తొమ్మిదో తూము షట్టర్ మాత్రం సగం తెరిచే ఉండిపోయింది. కాలువలో మిగిలిన నీళ్లు పోయి కోసి పెట్టిన వరి మీద పడ్డాయి. రైతులు తడిసిన పనలు తెచ్చి ఆఫీసు ముందర వేశారు. ఆ తూములు తెరిచేది, మూసేది యాదయ్యే. పాత డీఈ మెమో ఇచ్చాడు, వెంటనే బదిలీ మీద వెళ్లిపోయాడు. యాదయ్య నా దగ్గరికొచ్చాడు.

నేను ఏడు కొట్టాను.

ఈ సారు చదివాడు.

"అజాగ్రత్తయే సంపూర్ణ కారణమట. ఆయనే ఒప్పుకున్నడు. ఇగ ఎంక్వైరీ ఏముంటది? సస్పెన్షన్‌కు రాయాలె."

యాదయ్యకు మార్చిలో రిటైర్మెంట్. ఇప్పుడు సస్పెండ్ అయితే పెన్షన్ ఎక్కడికక్కడ ఆగిపోతుంది. ముప్పై ఏళ్లు కాలువ గట్టు మీద నడిచిన మనిషి.

"సార్, ఒక్కసారి ఆయనను అడుగుదాం" అన్నాను.

"అడగండి. రెండో వాంగ్మూలం రాయించుకొని రండి. ఆయన మాటలల్ల. మీ మాటలల్ల కాదు."

నవంబర్ 12

సూపరింటెండెంట్ ప్రమోషన్ల లిస్టు వచ్చింది. నాది రెండో పేరు. అంజమ్మ స్వీటు అడిగింది. రేపు తెస్తానన్నాను. ఏ మెమో లేనివాళ్లకే ఇస్తారు ప్రమోషన్. నా సర్వీసులో ఒక్క మెమో లేదు. అందరికీ జవాబులు రాసిన చేయి కదా, దాని జోలికి ఎవరూ రాలేదు.

నవంబర్ 14

తొమ్మిదో తూము మీద ఏఈ నవీన్ కూడా రిపోర్టు ఇచ్చాడు. ఇరవై ఆరేళ్ల ఇంజినీరు. ఏది రాయాల్సి వచ్చినా ఫోన్లో ఏదో యాప్‌ను అడుగుతాడు, అది రాసిస్తుంది. నేను నంబర్లు వేస్తే తప్పేంటి, ఈ కాలపువాళ్లు అది కూడా వేయరు.

రిపోర్టు మూడు పేజీలు. "నీరు సకల జీవకోటికి ప్రాణాధారం" అని మొదలు. రెండో పేజీలో నాగరికతలు నదుల ఒడ్డున పుట్టాయి. మూడో పేజీ చివరన, తగు చర్యలు తీసుకోవడం జరుగుతుంది.

సారు నవీన్‌ను నిలబెట్టి చదివించాడు. అంతా అయ్యాక అడిగాడు, "తూము ఏది?"

"సార్?"

"తూము గురించి రాయమన్న. నీళ్లు మంచియే అని నాకు ఎరుకే. నీళ్లు ఎట్ల పోయినయ్?"

నవీన్ నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

నవంబర్ 15

యాదయ్య వాంగ్మూలం నేనే రాసేస్తే సరిపోతుందనుకున్నాను. ఆయన మాటలు నాకు తెలియవా ఏం? కూర్చున్నాను.

"పై విషయమునకు సంబంధించి తమకు సవినయముగా తెలియజేయునది ఏమనగా"

ఏమనగా.

అక్కడే ఆగిపోయాను. పదహారేళ్లుగా ఏమనగా తరువాత నంబరు పెట్టుకుంటూ పోయాను. ఏమి జరిగిందో నాకు నిజంగా తెలియదు. నాలుగు కాగితాలు చింపాను. అన్నిటి మీదా ఒకటే వాక్యం, అన్నిట్లోనూ ఏమనగా.

నవంబర్ 16, ఆదివారం

పొద్దున్నే యాదయ్యతో తొమ్మిదో తూముకు పోయాను. పదహారేళ్లలో ఒక్కసారీ తూము చూడలేదు. ఫైల్లో చూడ్డమే. ఫైల్లో పెద్దగా ఉంటుంది. నిజానికి మా వంటింటి తలుపంత ఉంది.

గట్టు మీద కూర్చుని, "ఏం జరిగింది కాకా?" అని అడిగాను. యాదయ్య నన్ను ఒక నిమిషం వింతగా చూశాడు. తరువాత చెప్పడం మొదలుపెట్టాడు. నేను రాస్తూ పోయాను. ఆయన చెప్పింది చెప్పినట్టు...

"కాలువ బందు జేసిన్నాడు నేను వచ్చి షట్టర్ తిప్పిన. రాడ్డు తిరుగుతాంది గని షట్టర్ దిగుతలేదు. మరలు అరిగినయ్. రెండేండ్ల సంది చెప్తనే ఉన్న. నవీన్ సారుకు ఫోన్ల మాట పంపిన, ‘సారూ, షట్టర్ దిగుతలేదు, మనుషులను పంపుండ్రి’ అని. బొటనేలు వచ్చింది."

"బొటనవేలు?"

"గిట్ల." చేయి పైకెత్తి చూపించాడు. "బొటనేలంటే సరే అనే గద? వస్తరనుకున్న. పొద్దు గూకేదాంక చూసిన. ఎవ్వలు రాలే. మా ఇంటామెను పిలుచుకొచ్చిన. ఆమె సంచి పట్టింది, నేను మట్టి నింపిన. ఆరు సంచులు అడ్డం పెట్టినం. నీళ్లు ఆగినయ్. ఇంటికి పోయినం. తెల్లారి వచ్చి చూస్తే నాలుగు సంచులు కొట్టుకపోయినయ్. చేన్ల నీళ్లు. నడుముల దాంక దిగి మల్ల కట్టిన. గప్పటికే తడిసినయ్ పనలు."

ఫోను తీసి చూపించాడు. ఆయన గొంతు అలాగే ఉంది అందులో. కింద పచ్చటి... కాదు, పసుపుపచ్చ బొటనవేలు. నవీన్ వినకుండానే పంపి ఉంటాడు. అతనికి రోజుకు రెండు వందల మెసేజీలు, అన్నిటికీ అదే వేలు. అతన్ని తిడదామనుకున్నాను. ఏ మొహంతో తిట్టను?

"ఇంత చేసినవు. మెమో వచ్చిన్నాడు నాకెందుకు చెప్పలే కాకా?"

"నువ్వు అడగలే గద బిడ్డా. కాయితం తీసి సంతకం పెట్టుమన్నవ్."

"అందుల ఏమున్నదో చదువుకోలేదా?"

"సదివిన. పెద్ద పెద్ద మాటలున్నయ్... శిరసు, హృదయము. నా గురించి గంత మంచిగ ఎవ్వలు రాయలే. మా ఇంటామెకు సుత సదివి వినిపించిన."

ఇంటికి వచ్చేదాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. పక్కన కూర్చున్నామె జామకాయ ఇచ్చింది.

నవంబర్ 17

గట్టు మీద రాసుకున్నది శుభ్రంగా తిరగరాశాను. చేత్తో. రెండు పేజీలు. ఎక్కడా సవినయముగా లేదు, ఏమనగా లేదు. మొదటి వాక్యం, "కాలువ బందు జేసిన్నాడు నేను వచ్చి షట్టర్ తిప్పిన." చదువుతుంటే నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. ఇంత మంచి కాగితం నా చేతి మీదుగా పోవడం ఇదే మొదలు. రాసింది నేను, మాటలు ఆయనవి... అయినా సంతోషంగా ఉంది.

నవంబర్ 19

నవీన్ వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డాడు. "మేడం, ఆ మెసేజ్ సంగతి వాంగ్మూలంల ఉన్నదా?" ఉందన్నాను. మొహం పాలిపోయింది. "నేను వినలే మేడం, నిజంగ వినలే." నాకు కోపం రాలేదు. అతను వినలేదు, నేను అడగలేదు, ఇద్దరిదీ ఒకే పోలిక మరి.

నవంబర్ 27, గురువారం

విచారణ. ఈ పేజీ రాయడం ఇష్టం లేదు.

సారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. యాదయ్య నిలబడి ఉన్నాడు, తెల్ల చొక్కా, కొత్తగా ఇస్త్రీ చేసింది. నవీన్ గోడకు ఆనుకుని ఉన్నాడు. నేను ఫైలు పట్టుకుని తలుపు దగ్గర.

"ఇందుల తప్పు నీదే అన్నవ్. ఇందుల నీది కాదన్నవ్. ఏది నిజం?"

"రెండోది సార్."

"బొటనవేలును ఫైల్ల పెట్టలేం గని... సరే, ఆ మెసేజ్ నేను విన్న. మరి టైపు ఎవరిదో నాకు ఎరుకే, మొదటిదాంట్ల మాటలు ఎవరియి? నీ తప్పు కానప్పుడు నీదే అని ఎవరు రాయమన్నరు?"

నేను ఫైల్లో కాగితాలు సర్దాను.

యాదయ్య నా వైపు చూడలేదు. కాళ్ల వైపు చూసుకుంటూ అన్నాడు, "నేనే జెప్పి రాయించిన సార్. గప్పుడు మతి తప్పింది."

"అప్పుడు మతి తప్పితే, ఇప్పుడు తప్పలేదని నాకేం నమ్మకం?"

చెప్పాలి, నేను చెప్పాలి, ఒక్క అడుగు ముందుకు వేయాలి. వేయలేదు. కళ్ల ముందు లిస్టు, రెండో పేరు.

"రెండు మాటలు చెప్పేటోని దేన్ని నమ్మాలె? నేను తూము చూసి, పైకి రిపోర్టు పంపుత. అప్పటిదాంక డ్యూటీకి రావద్దు. పోవచ్చు."

బయట వరండాలో యాదయ్యను ఆపాను. "ఎందుకు కాకా అట్ల చెప్పినవ్?"

"నీకు మస్తు సర్వీసు ఉన్నది బిడ్డా. నాది అయిపాయె."

నవంబర్ 28

సిగ్గు.

నవంబర్ 30, ఆదివారం

రఘుకు మొత్తం చెప్పాను. ఫోను పక్కన పెట్టి విన్నాడు. పెద్ద సంగతే అది.

"నువ్వు జెప్తే ఏమైతది?"

"మెమో వస్తది. ప్రమోషన్ పోతది."

"జెప్పకపోతే?"

నేను కంచాలు తీయడానికి లేచాను. అతనూ లేచి వచ్చి, "అన్నం పెట్టు" అన్నాడు. వడ్డించాక, మొదటి ముద్ద కలుపుతూ అన్నాడు, "ఇద్దరం బతుకుతనే ఉన్నం గద. సూపరింటెండెంట్ కాకపోతే కూర ఉప్పగైతదా?" కూర నిజంగానే ఉప్పగా ఉంది. అయినా తిన్నాడు.

డిసెంబర్ 2, మంగళవారం

రాశాను. చేత్తో. ఒకటే పేజీ. ఎన్నో కాగితాలు చింపలేదు, రెండే.

"యాదయ్య మొదటి సంజాయిషీ నేను రాసింది. ఆయన చెప్పి రాయించలేదు. ఏం జరిగిందని నేను అడగలేదు. పాతది తీసి పేరు మార్చాను. ఆయన నన్ను కాపాడటానికి అబద్ధం చెప్పాడు. విచారణ రోజు నేను అక్కడే ఉండి ఊరుకున్నాను."

సారు ముందు పెట్టి నిలబడ్డాను. సారు చదివాడు. మళ్లీ పైనుంచి చదివాడు. కిటికీ బయట మేకలు అరుస్తున్నాయి, ఎవరివో.

"ఇది నాకు ఎందుకు ఇస్తున్నరో తెలుసా? అంటే మీకేమైతదో?"

"తెలుసు సార్."

"ఇన్‌వర్డ్ రిజిస్టర్ల ఎక్కించండి." అంతే. మంచి మాట ఒకటి అంటాడేమో అని ఆశపడ్డాను, అబద్ధమెందుకు. అనలేదు.

డిసెంబర్ 3

సారు చెప్పిన నెల అయిపోయింది. ఇక రాయనక్కర్లేదు. రాస్తున్నాను.

డిసెంబర్ 5

సారు నవీన్‌ను తీసుకుని తొమ్మిదో తూముకు పోయాడట. తానే రాడ్డు తిప్పి చూశాడట. ప్యాంటుకు గ్రీజు అంటుకుని వచ్చాడు. యాదయ్య సంగతి అడిగితే, "చూస్తున్న" అన్నాడు.

అంజమ్మ ఇంకా స్వీటు అడుగుతూనే ఉంది.

డిసెంబర్ 8, సోమవారం

మెమో. నా పేరు మీద. నా పేరు మెమోలో ఎంత వింతగా ఉంది! "శ్రీమతి స్వరూప, సీనియర్ అసిస్టెంట్, సిబ్బంది తరఫున వాస్తవములు విచారించక సంజాయిషీలు తయారు చేసినందుకు..." టైపు కొట్టింది ఎవరో కాదు, నేనే. సారు చెప్పాడు, నేను కొట్టాను, సారు సంతకం పెట్టాడు, నేనే అందుకున్నట్టు సంతకం పెట్టాను. మా ఆఫీసులో టైపు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే మరి.

మూడు రోజుల్లో జవాబు ఇవ్వాలి.

డిసెంబర్ 9

మెమో సంగతి యాదయ్యకు ఎవరు చెప్పారో. ఇంటికే వచ్చాడు, పచ్చి కందికాయ సంచితో. గడపలోనే నిలబడి పరామర్శ.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నాకు రాసినవు సూడు, ఏడోది. గదే నీకు సుత రాసుకో. మస్తు మంచిగుంటది."

నవ్వాను. నవ్వుతూ ఉండగానే ఏడుపొచ్చింది. రఘు లోపలి నుంచి వచ్చి కందికాయ సంచి అందుకుని, ఆయన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. యాదయ్య ఆర్డరు ఇంకా రాలేదు. ఉద్యోగంలో ఉన్నాడో లేడో ఆయనకే తెలియదు. మార్చి అనుకుంటూ వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

డిసెంబర్ 10

జవాబు రాస్తున్నాను. రెండు వాక్యాలు వచ్చాయి.

"మెమోలో రాసింది నిజం. పదహారేళ్లుగా నేను ఎవరినీ ఏం జరిగిందని అడగకుండా జవాబులు రాశాను."

తరువాత ఏం రాయాలి? మన్నించండి అనాలనిపిస్తుంది. చేయి దానంతటదే విశాల హృదయం వైపు పోతోంది. లాగి పట్టుకున్నాను.

డిసెంబర్ 11, గురువారం

పొద్దున తొమ్మిది గంటలు. ఆఫీసులో నేను, అంజమ్మ. సారు నల్గొండ మీటింగుకు పోయాడు, ఫోను కలవట్లేదు. జవాబు ఇవ్వాల్సిన రోజు ఇవాళే. కాగితం ముందర ఉంది. రెండు వాక్యాల దగ్గరే ఉంది.

ఫోను మోగింది. యాదయ్య.

"బిడ్డా, యాసంగి పంటకు నీళ్లు ఇడిసిండ్రు. కాలువల వస్తున్నయ్. తొమ్మిదో తూముకు రాడ్డు మార్సలే, గట్లనే ఉన్నది. కింద నారుమళ్లున్నయ్. నా జాగల వచ్చిన కొత్త పిలగానికి గీ తూము ఎరుకలేదు. నేను పోవాల్నా, వద్దా?"

"నవీన్ సారుకు చెప్పినవా?"

"పంపిన. బొటనేలు వచ్చింది."

దేవుడా.

"సారు డ్యూటీకి రావద్దన్నడు గద బిడ్డా. పోతే మల్ల తప్పైతదా? పోకుంటే నార్లు మునుగుతయ్. నువ్వు ఏమంటే గదే."

నేను సీనియర్ అసిస్టెంట్‌ను. తూములు తెరవమనడానికీ మూయమనడానికీ నాకు ఏ అధికారమూ లేదు. పైగా నా మీదే మెమో నడుస్తోంది. లిస్టులో నా పేరు ఇంకా ఉందో కొట్టేశారో కూడా తెలియదు. ఫోనులో గాలి చప్పుడు, వెనక ఆయన ఇంటామె "సంచులు తెచ్చిన" అనడం... ఆమె అప్పటికే తయారుగా ఉంది.

"నీళ్లు ఎంత దూరం వచ్చినయ్?" అడిగాను.

"ఏడో తూము దాటినయ్."

"రాడ్డు అస్సలు తిరుగుతలేదా?"

"తిరుగుతది, దిగది. సంచులేసి ఆడ కూసుంటే ఆపొచ్చు."

"పో కాకా. నేను పొమ్మన్నా అని చెప్పు, ఎవ్వరడిగినా."

పెట్టేశాడు. అంజమ్మ తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. సారు సాయంత్రం వస్తాడు. వచ్చి చదువుతాడు, పైనుంచి కిందిదాకా. ఏమంటాడో.

కాగితం దగ్గరికి లాక్కుని మూడో వాక్యం రాశాను. "యాదయ్య ఈ రోజు మీ మాట దాటి తొమ్మిదో తూముకు పోయాడు, పొమ్మన్నది నేను."